ఆఖరి సూది

గెడ్డవూరులో పశువు పడిపోతే ముందు కబురు వెళ్ళేది యోనాకి. పశువుల డాక్టరు పలాసలో ఉంటాడు. ఆయన వచ్చేలోపు పశువు లేవడమో పోవడమో జరిగిపోతుంది. యోనా అయితే ఊళ్ళోనే, బాప్టిస్టు చర్చి వెనక రెండు గదుల ఇంట్లో ఉంటాడు. పిలిస్తే తుండు భుజాన వేసుకుని వచ్చేస్తాడు. అరవై ఆరేళ్ళ మనిషి. పొడుగరి, కాస్త ముందుకు వంగి నడుస్తాడు. ముప్పై ఏళ్ళపాటు సైకిలు హ్యాండిలుకి మందుల సంచీ తగిలించుకుని ఉద్దానం ఇసుకదారుల్లో తిరిగాడు. జీడితోటల మధ్య ఆ సైకిలు అతన్ని మోసినదానికన్నా అతను దాన్ని తోసింది ఎక్కువ. మందస నుంచి సముద్రందాకా సూదుల యోనా అడుగు పెట్టని శాల లేదు. పశువుల కొట్టాన్ని అక్కడ శాల అంటారు.

అతని తండ్రి ఏలియా ఏ శాలలోకీ వెళ్ళలేదు. చచ్చిన పశువును శాల బయటికి ఈడ్చాకే ఆయన పని మొదలయ్యేది. గెడ్డ అనే వాగు దాటాక, ఊరికి పడమరన, ఎవరి పేరునా లేని ఎత్తు నేల ఒకటి ఉంది. గొడ్డుమిట్ట అంటారు. ఏలియా అక్కడ తోలు ఒలిచేవాడు. ఆయన కత్తి ఆడుతున్నంతసేపూ రాబందులు చుట్టూ కూర్చునేవి, పెళ్ళిలో రెండో పంక్తికి ఆగిన చుట్టాల్లాగ. ఆయన తోలు చుట్టి భుజాన వేసుకుని పది అడుగులు నడవగానే కళేబరం మీద పడేవి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఎముకలే మిగిలేవి. వాసన ఉండేది కాదు, ఈగ వాలేది కాదు. గాలి ఊరి మీదికి వీచినా ఎవరూ ముక్కు మూసుకోవలసిన పని ఉండేది కాదు. యోనా చిన్నప్పుడు ఒక రోజు లెక్కపెడితే నలభై మూడు వచ్చాయి. అంతకు మించి లెక్క అతనికి అప్పటికి రాదు.

మిషన్ బడిలో ఎనిమిది చదివాక యోనా కత్తి పట్టలేదు. టెక్కలిలో పశువుల ఆసుపత్రి కాంపౌండరు దగ్గర చేరి, సీసాలు కడిగి, దూడల కాళ్ళు పట్టుకుని, అయిదేళ్ళలో సూది పని నేర్చుకున్నాడు. ఊరికి తిరిగివచ్చిన కొత్తలో అతన్ని ఎవరూ శాలలోకి రానివ్వలేదు. పశువును బయట కట్టి, దూరంగా నిలబడి వేయించుకునేవాళ్ళు. మొదట రానిచ్చింది బొడ్డమ్మ. ఆవిడ గేదె ఈనలేక అల్లాడుతోంది, దాన్ని బయటికి తేలేరు. "లోపలికి రా యోనా, దీనికి నీ కులం అడిగే ఓపిక నేదు" అంది. గేదె బతికింది. ఆ సాయంత్రం ఆవిడ తన గ్లాసుతోనే మజ్జిగ ఇచ్చింది. తరవాత ఒక్కొక్క శాలా తెరుచుకుంది. యోనా ఆవిణ్ణి అప్పటి నుంచీ, సొంత అక్కను పిలిచినట్టు, అప్ప అనే పిలుస్తాడు.

తొంభైల మొదట్లో కొత్త నొప్పిసూది వచ్చింది. సీసా మీద డైక్లోఫెనాక్ అని ఉండేది, జనం మాత్రం నొప్పిసూది అనేవాళ్ళు. కుంటుతున్న ఎద్దుకి వేస్తే గంటలో దుక్కికి లేచేది. వాచిన పొదుగుతో తన్నే ఆవు నిలబడి పాలిచ్చేది. యోనా పేరు నిలబెట్టింది ఆ సూదే. పైగా ఆ ఊళ్ళలో దానికి ఇంకో వాడుక కూడా పడింది. ముసలి పశువు పడిపోయి ఇక లేవదని తేలాక, ఇంటి ఆడది దాని నుదుట బొట్టు పెట్టి, గంజి మూతికి తడిపి, యోనాను పిలిపించేది. అన్నాళ్ళు పాలిచ్చిన ప్రాణి మూలుగుతూ పోకూడదు. అందుకని ఒక సూది. దాన్ని ఆఖరి సూది అనేవారు. సూది దిగినచోట పుండు పట్టకుండా పసుపు ముద్ద అద్దేవారు. చచ్చేదానికి పుండేమిటని ఎవరూ అనుకోలేదు, అద్దడం అలవాటు. పశువు ఆ రాత్రికో మర్నాటికో నెమ్మదిగా పోయేది. ఎన్ని ఆఖరి సూదులు వేశాడో యోనాకే తెలియదు. చాలామంది ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటూ అతనికి దండం పెట్టారు.

రాబందులు ఎప్పుడు తగ్గాయో ఎవరూ చూడలేదు. ఏలియా పోయాక తోలు ఒలిచేవాళ్ళు లేరు, మిట్ట వైపు వెళ్ళే పని ఎవరికీ లేదు. యోనా మాత్రం అప్పుడప్పుడూ తలెత్తి చూసేవాడు. పది కనిపించేవి. తరవాత మూడు. ఒక ఏడాది ఒకటి తాటిచెట్టు మీద మెడ వేలాడేసి కూర్చుని ఉంటే, ముసలిదై ఉంటుందనుకున్నాడు. మర్నాడు అది చెట్టు కింద పడి ఉంది. ఆ తరవాత ఇరవై ఏళ్ళు ఏమీ లేవు. మిట్ట మీద కళేబరాలు వారం పది రోజులు కుళ్ళేవి. కుక్కలు పెరిగాయి. అవి మాంసానికి మరిగి, తోటల్లో జీడిపిక్కలు ఏరేవాళ్ళ మీదకే వచ్చేవి. పొరుగూరిలో ఒక మనిషి కుక్కకాటుతో పిచ్చెత్తి పోయాడు. వానాకాలం ఆ మిట్ట నీరు గెడ్డలోకి దిగేది. వీటన్నిటినీ ఒకదానితో ఒకటి ముడిపెట్టి చూసినవాళ్ళు లేరు.

ఈలోగా యోనా భార్య కృపావతికి కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో అది వార్త కాదు. ప్రతి వీధిలో ఒకరిద్దరు ఉన్నారు. ఎందుకు పాడవుతున్నాయో ఇదీ అని ఎవరూ తేల్చి చెప్పలేదు. నీళ్ళంటారు, ఎండలో కాయకష్టమంటారు, నొప్పి మాత్రలంటారు. పలాసలో డాక్టరు కృపావతికి ఒక్కటే గట్టిగా చెప్పాడు: ఒళ్ళు నొప్పులకి మాత్రలు మింగొద్దు. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి యోనా ఆవిణ్ణి ఆటోలో తీసుకెళ్ళి తీసుకొస్తాడు.

మూడేళ్ళ కిందట అశ్విని వచ్చింది. టెక్కలి పిల్ల, పక్షుల మీద పరిశోధన చేస్తోంది. స్కూటీ ఆపి, ఫోనులో బొమ్మ చూపించి, "తాతా, ఈ పిట్టను ఎప్పుడైనా చూశారా?" అని అడిగింది.

యోనా ఫోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. "ఇది పిట్టేటమ్మా. మా అయ్యకి తోటి పనోడు."

అశ్విని అరుగు మీద కూర్చుండిపోయింది. అతను నలభై మూడు సంగతీ, మెడ వాల్చినదాని సంగతీ చెప్పాడు. ఆ పిల్ల రాసుకుంది. తరవాత తను చెప్పింది. వీపు మీద తెల్ల మచ్చ ఉండే ఈ రాబందు ఒకప్పుడు దేశంలో లక్షల్లో ఉండేదట. వెయ్యింటిలో ఒకటి మిగిలింది. పశువుకి ఒక మందు వేస్తారు, అది ఒంట్లో ఉండగా పశువు చచ్చిపోతే, ఆ మాంసం తిన్న రాబందుకి రెండు మూడు రోజుల్లో మూత్రపిండాలు చెడిపోతాయి. మెడ వాలిపోతుంది, కొమ్మ మీంచి పడిపోతుంది. ఒక కళేబరం మీద ముప్పై కూర్చుంటాయి కాబట్టి వంద కళేబరాల్లో ఒకదానిలో ఆ మందున్నా చాలు. పశువులకి అది వాడొద్దని 2006లోనే నిషేధించారు. అయినా మనుషుల మందు పేరుతో దొరుకుతూనే ఉంది. పోయినవి తిరిగి పెరుగుదామన్నా, జంటకి ఏడాదికి ఒక్క గుడ్డు.

"ఏ మందన్నావు?" అన్నాడు యోనా.

ఆమె పేరు చెప్పింది. యోనా లోపలికి వెళ్ళి రేకుపెట్టె తెరిచి ఒక ఖాళీ సీసా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె చీటీ చదివి తిరిగి ఇచ్చింది.

మంచం మీద పడుకున్న కృపావతి అంతా వింటోంది. "దానికీ కిడ్నీలేనేటి పాపా?"

"అవునమ్మా. అవే."

"మరి దాన్ని వారానికి రెండుసార్లు పలాస ఎవులు తీసుకెల్తారు" అంది కృపావతి. తన మాటకి తనే నవ్వింది, మిగతా ఇద్దరూ నవ్వలేదు.

ఆ రోజు నుంచి యోనా ఆ సూది మానేశాడు. రాబందుకి హాని చెయ్యని నొప్పి మందు ఇంకొకటుందని అశ్విని చెప్పింది, మెలాక్సికం అని. పలాసలో పశువుల మందుల కొట్టు కనుక్కుని అదే వాడసాగాడు. ఎవరింటికి వెళ్ళినా కారణం చెప్పేవాడు. విన్నవాళ్ళు బుర్ర ఊపేవారు. ముసలాడికి చాదస్తం పట్టిందన్నారు. కొంతమంది బయటినుంచి మోటారుసైకిళ్ళ మీద వచ్చే కుర్ర సూదులవాళ్ళను పిలుచుకున్నారు.

ఈ ఏడాది ఫిబ్రవరిలో, జీడి పూత మీదుండగా, యోనా గెడ్డ ఒడ్డున గడ్డి కోస్తూ తలెత్తాడు. మిట్ట పక్క కొబ్బరితోటలో తిత్లీ తుఫానుకి తలలు విరిగిపోయిన చెట్లు కొన్ని ఇంకా మోళ్ళుగా నిలబడి ఉన్నాయి. రెండు మోళ్ళ మీద రెండు కూర్చుని ఉన్నాయి. అంత పెద్దవి గద్దలు కావు. కొడవలి కింద పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. వాటిలో ఒకటి రెక్క విప్పి ఎండకి ఆరేసుకుని, ఎగిరి, అవతలి మోడు మీద కూర్చుంది. ఎగిరినప్పుడు వీపు మీద తెలుపు కనబడింది.

ఫోను చేశాడు. అశ్విని విశాఖపట్నంలో ఉంది. అతను చూసింది ఆమె రెండుసార్లు చెప్పించుకుంది. తరవాత, "రెండూ పెద్దవేనా తాతా?" అంది.

"పెద్దవే. జంటలాగే ఉన్నాయి."

"మహేంద్రగిరి వైపు నుంచి వచ్చి ఉంటాయి. మూడు రోజుల్లో నేను వచ్చేస్తాను. తాతా, తిండి దొరికితే అక్కడ ఆగుతాయి. ఆ దొరికింది మంచిదైతే అంతే చాలు. అప్పటిదాకా మిట్ట మీదకి ఏది వస్తుందో మీరు చూడండి."

చూస్తానన్నాడు.

మర్నాడు పొద్దున్నే పోలారావు వచ్చాడు. పోలారావు బొడ్డమ్మ కొడుకు, సోంపేట రోడ్డులో కొబ్బరికాయల వ్యాపారం.

"మావా, మాయమ్మ రమ్మంటంది. ఎర్రావు పడిపోయి ఇయ్యాలకి మూడో రోజు. లెగనేదు."

"గంజి తాగుతందా?"

"నిన్నటిదాకా తాగింది. ఇయ్యాల మూతి తిప్పీసినాది. ఆఖరి సూది ఏసీయమంటంది."

"ఆ సూది నాను ముట్టి మూడేల్లయింది. నీకు తెల్దేటి?"

"తెల్సు. పిట్టల కోసం మానీసినావని ఊరంతా తెల్సు." పోలారావు గుమ్మానికి ఆనుకుని నవ్వాడు. "మాయావిడ అంటాది, యోనా మావ పోతే మట్టిలో ఎట్టొద్దు, మిట్ట మీద ఎట్టమంటాడేమో అని."

"మా పాస్టరుగారు ఒప్పుకోరు గానీ, నాకైతే అబ్యంతరం నేదు" అన్నాడు యోనా. "నువ్వెల్లు. పలాస ఎల్లి మందు తెచ్చుకుని వత్తాను. సాయంత్రానికి వచ్చీత్తాను. అప్పతో సెప్పు, పశువు పోతే మిట్ట మీదకే తెమ్మని. గొయ్యి తీయించొద్దని."

"ఎందుకు?"

"వచ్చినాయిరా. రెండు."

పోలారావు నమ్మలేదు. నిజమైతే తనకు ఒరిగేదేమిటో కూడా అతనికి తెలియలేదు. సరేనని వెళ్ళిపోయాడు.

పలాస కొట్టులో ఆ మందు నిండుకుంది. కాశీబుగ్గలో ఇంకో కొట్టు చూపించారు, అక్కడ మూడున్నర దాటాక గాని షట్టరు తియ్యలేదు. యోనా మెట్ల మీద కూర్చున్నాడు. సీసా చేతికొచ్చి ఊరు చేరేసరికి పొద్దు వాలింది.

శాలలో బొడ్డమ్మ ఆవు తల పక్కన పీట వేసుకుని కూర్చుని ఉంది. డెబ్బై అయిదు దాటినా చూపు చురుకు. ఆవు ఎడమ పక్కకు ఒరిగి, మెడ చాచి, కడుపు ఎగరేస్తోంది. ఒకే పక్క పడి ఉంటే పుండ్లు పడతాయని మధ్యాహ్నమే నలుగురూ కలిసి ఈ పక్కకి తిప్పారు.

"ఏటి యోనా ఇంత ఆలిస్యం. ఇది నీకోసమే కల్లు తెరిసుకుని ఉంది."

"కొట్టు తియ్యనేదప్పా." యోనా ఆవు చెవులు పట్టి చూశాడు. చల్లగా ఉన్నాయి. "ఇంక లెగదు."

"లెగదని నాకూ తెల్సు. పదకొండు ఈతలు ఈనినాది. ఇంకేటి లెగుత్తాది." ఆవిడ సిరంజి వైపు చూసింది. "ఇదేటి, పచ్చగా ఉంది? పాతది నీల్లలాగుండేది గదా."

"ఇది వేరే మందు. పోలారావు సెప్పనేదేటి?"

"సెప్పినాడు. నొప్పి తగ్గుతాదా? అబద్దం ఆడకు, సర్చికి ఎల్లేవోడివి."

"తగ్గుతాదప్పా. దానంత జోరుగా రాదు. నిదానంగా వత్తాది."

"నిదానంగా వచ్చినా వచ్చిందంటే సాలు" అంది ఆవిడ.

యోనా ఆవు కుడి మెడలో సూది వేశాడు. బొడ్డమ్మ పసుపు ముద్ద అద్దింది. ఇద్దరూ కాసేపు అక్కడే కూర్చున్నారు. ఆవు కడుపు ఎగరడం కొంత తగ్గింది. యోనా ఇంటికి వచ్చి కృపావతితో, "రేపు మిట్ట మీద భోజనం" అన్నాడు. ఆవిడ అతని మొహం చూసి, "మన పెల్లిరోజున కూడా నువ్వింత సంబరపడనేదు" అంది.

తెల్లవారకముందే ఆవు పోయింది. ఆరింటికి పోలారావు ట్రాక్టరుతో మిట్ట మీదికి లాగించి దింపేసి, కొబ్బరి లోడుందని వెళ్ళిపోయాడు. దింపేటప్పుడు కళేబరం ఇటు దొర్లి కుడి పక్కకు పడింది. యోనా దూరంగా జీడిచెట్టు కింద తుండు పరుచుకుని కూర్చున్నాడు. కాకులు ముందొచ్చాయి. రెండు కుక్కలు వస్తే మట్టిబెడ్డలతో తరిమాడు. రాబందులు మోళ్ళ మీదే ఉన్నాయి. అవి తొందరపడవని అతనికి తెలుసు. ఒకటి దిగింది. ఇరవై అడుగుల దూరంలో నిలబడి, మెడ ముడుచుకుని, ఒక గంటదాకా అలాగే ఉండిపోయింది. రెండోది దిగింది. కాకులు పక్కకు జరిగాయి. అవి నడుస్తుంటే యోనాకి తండ్రి తోలుచుట్ట వాసన ముక్కుకు తగిలినట్టయింది. లేచి నిలబడితే బెదిరిపోతాయని కాలు తిమ్మిరెక్కినా కదల్లేదు.

మొదటిది ఆవు తల దగ్గరకి చేరింది. దాన్ని సరిగ్గా చూద్దామని యోనా మెడ పక్కకు వంచాడు. అప్పుడు కనబడింది. పైకి తేలిన ఎడమ తొడ మీద, అరచేతంత మేర, ఎండిన పసుపు.

తను వేసింది కుడి మెడలో. ఆ పసుపు ఇప్పుడు నేలకి ఆని ఉంది. నిన్న సాయంత్రం ఆవు ఎడమ పక్కకు ఒరిగి ఉంది, ఆ తొడ కిందుంది, తను చూడలేదు. మధ్యాహ్నం దాన్ని తిప్పకముందు ఎవరో సూది వేశారు.

అడగవలసింది. కాని ఆ ఊళ్ళలో పశువు దగ్గరికి వెళ్ళిన సూదులవాడు ఇంకొకడి చేయి పడిందా అని అడగడు. అడిగితే ఇంటివాళ్ళ మాట నమ్మనట్టు. యోనా ముప్పై ఏళ్ళలో ఎవరినీ అడగలేదు. బొడ్డమ్మను అడగాలన్న ఆలోచనే రాలేదు.

లేచి పరిగెత్తాడు. కాలు తిమ్మిరితో మొదటి అడుగుకే పడ్డాడు. మళ్ళీ లేచి, చేతికందిన బెడ్డ విసిరి, తుండు గిరగిరా తిప్పుతూ, "ఏయ్, పోండి, పోండి" అని అరుస్తూ వెళ్ళాడు. తల దగ్గరున్నది అప్పటికే కంటి మూల రెండుసార్లు పొడిచింది. ఏమైనా మింగిందో లేదో అతనికి కనబడలేదు. బరువైన పక్షులు. గెంతుతూ, రెక్కలు నేలకి కొట్టుకుంటూ కొంత దూరం పరిగెత్తాకే లేచాయి. వెళ్ళి మోళ్ళ మీద కూర్చుని, అతన్ని చూస్తూ ఉన్నాయి.

యోనా కళేబరానికి ఆనుకుని కూర్చుని పోలారావుకి ఫోను చేశాడు.

"ఏ సూది ఏయించినావురా?"

అవతల లారీ హారన్లు. "ఏటి మావా?"

"ఆవుకి. నిన్న మద్దేన్నం."

"నువ్వెంతకీ రానేదు గదా. అది అరుత్తంది. నందిగాం వైపు నుంచి ఒకడొత్తే ఏయించినాను. నొప్పిసూదే. మనుషుల సీసా."

"పేరు సూసినావేటి?"

పోలారావు పేరు గుర్తు తెచ్చుకుని చెప్పాడు. యోనా విని, "జేసీబీ పంపు. లోతుగా గొయ్యి తియ్యాలి" అన్నాడు.

"గొయ్యి వద్దన్నది నువ్వే గదా?"

"పంపరా."

జేసీబీ పక్క ఊళ్ళో కాలవ తవ్వుతోంది, మూడింటిలోపు రాదు. అప్పటికింకా తొమ్మిది కాలేదు. యోనా బెడ్డలు ఏరి కుప్పగా పెట్టుకున్నాడు. రాబందులు రెండుసార్లు దిగాయి. రెండుసార్లూ లేపాడు. కుక్కలు వస్తే వాటినీ తరిమాడు. కాకులు మాత్రం మాట వినలేదు.

పదిన్నరకి బొడ్డమ్మ గొడుగు వేసుకుని, గెడ్డ దాటి, ఆగి ఆగి నడుస్తూ వచ్చింది. ఆవు వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకుంది.

"ఏటి యోనా, సచ్చినదానికి కావిలి కాత్తన్నావట."

"దానికి పాత సూది పడిందప్పా."

"పడింది. పోలిగాడు ఏయించినాడు. అది అరుత్తంటే సూడ్నేకపోనాను. నానే ఏయించమన్నాను."

"నాకు సెప్పనేదేటి?"

"నువ్వడగనేదు." ఆవిడ గొడుగు ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకుంది. "ఒకటికి రెండు పడితే నొప్పి ఇంకా తగ్గుతాదనుకున్నాను. పెద్ద ప్రానం గదా. ఆటికి అంత ఇసమేటి అది?"

"మూడు రోజుల్లో కిడ్నీలు పోతాయి. మెడ వాలిపోతాది."

బొడ్డమ్మ మోళ్ళ వైపు చూసింది. ఆవిడ మొగుడు ఏడేళ్ళ కిందట సోంపేటలో డయాలసిస్ మంచం మీద పోయాడు. ఆఖరు వారం మెడ నిలబెట్టలేకపోతే ఆవిడే అరచెయ్యి వేసి పట్టుకుంది. ఆ సంగతి యోనాకి తెలుసు.

"ఇంతకు ముందు నువ్వు మాకు ఏసిన సూదులన్నీ అయ్యేనేటి?"

"అయ్యే."

"నాను దండం ఎట్టినాను గదా నీకు."

"ఎట్టినావు."

ఆవిడ గొడుగు మూసి నేల మీద పెట్టి, కొంగు నడుముకి దోపి, కుప్పలోంచి ఒక బెడ్డ తీసుకుంది. కాసేపటికి రాబందు ఒకటి మళ్ళీ దిగితే యోనా కన్నా ముందు ఆవిడే విసిరింది. బెడ్డ సగం దూరమైనా వెళ్ళలేదు. "పొండమ్మా" అంది దానితో. "ఆకలి నాకు తెల్సు గానీ, ఇది తినేది కాదు."

మధ్యాహ్నం బొడ్డమ్మ కోడలు జానకి ఇద్దరికీ చద్దన్నం పంపింది. చేతులు కడుక్కోవడానికి ఒకరి తరవాత ఒకరు గెడ్డకి వెళ్ళివచ్చారు, ఒకరు కాపలా ఉండి. ఒంటిగంటకి రాబందులు మోళ్ళ మీంచి లేచి, చుట్లు తిరుగుతూ పైకి పైకి వెళ్ళి, కొండల వైపు సాగిపోయాయి. యోనా కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, చుక్కలై మాయమయ్యేదాకా చూశాడు. మూడున్నరకి జేసీబీ వచ్చింది. నిలువెత్తు గొయ్యి తీసి కప్పారు. పోలారావు కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎగతాళి చెయ్యలేదు, తప్పయిందనీ అనలేదు. "వాడి ఫోను నంబరుంది మావా, మన ఊరు రావద్దని సెప్తాను" అన్నాడు.

"రావద్దనొద్దు. ఏ మందు తెత్తన్నాడో అడుగు."

అశ్విని మర్నాడు మూడుకాళ్ళ దుర్భిణీతో వచ్చింది. యోనా జరిగింది జరిగినట్టు చెప్పాడు, తను అడగకపోవడంతో సహా. "కంటి దగ్గర ఏం తిన్నా కొంచెమే తిని ఉంటుంది. కానీ కొంచెమైనా చాలు కొన్నిసార్లు. మూడు రోజులు చూడాలి" అంది. ఆ సాయంత్రందాకా ఇద్దరూ తోటల్లో చెట్ల మొదళ్ళన్నీ తిరిగారు. యోనా కొమ్మల కేసి కాకుండా నేలకేసి చూస్తూ నడిచాడు. రెండో రోజు అశ్విని కొండ కింది పల్లెలకి వెళ్ళింది. యోనా ఊళ్ళో పశువులున్న ప్రతి ఇంటికీ వెళ్ళి, శాల గుమ్మంలో నిలబడి, ఇకనుంచి నేనొస్తే ముందు ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దని చెప్పాడు. ఇద్దరు ముగ్గురు మొహం ముడుచుకున్నారు. బొడ్డమ్మ వెనకాలే వచ్చింది కాబట్టి పైకి ఏమీ అనలేదు.

మూడో రోజు కృపావతికి డయాలసిస్ ఉంది. వెళ్ళకుండా ఉంటే బాగుండునని యోనా అనుకున్నాడు, ఆవిడ అది పసిగట్టింది. "నన్ను ఆటో ఎక్కించీసి నువ్వుండిపో" అంది. అతను ఉండిపోలేదు. పలాసలో ఆవిణ్ణి లోపల పడుకోబెట్టాక బయట బెంచీ మీద కూర్చుని ఫోను ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్కనున్నవాళ్ళు నీళ్ళ ట్యాంకర్ల గురించి మాట్లాడుకుంటున్నారు. పదకొండు దాటాక ఫోను మోగింది.

"తాతా, కనబడ్డాయి. కొండ వాలులో రాతి చరియ మీద. రెండూ."

"మెడ?"

"ఏంటి తాతా?"

"మెడ ఎలాగుందమ్మా? ఆ కల్లు దగ్గర పొడిచినదానికి."

అశ్విని దుర్భిణీ సర్దుతున్నట్టుంది. గాలి చప్పుడు వినిపించింది. "రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఏది పొడిచిందో నాకు తెలీదు. రెండిటి మెడలూ నిటారుగానే ఉన్నాయి. ఒకటి రెక్కలు సవరించుకుంటోంది."

"సరే" అన్నాడు యోనా. "సాయంత్రం దాకా సూడు."

ఫోను జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళాడు, కృపావతికి చెబుదామని. మంచం పక్క యంత్రం తిరుగుతోంది. ఆవిడ నిద్రపోతోంది. నర్సు, ఇంకా గంటన్నర పడుతుంది, లేపొద్దంది. యోనా ఆవిడ తల కింద జారిన దిండు సరిచేసి, మళ్ళీ వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.